జపాన్ సినిమాలో మల్లేశ్ వాళ్ల అవ్వ

2023 వానాకాలం. చంద్రపూర్‌లో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని ఒక పాత జపాన్ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. కిటికీ వేస్తే ఉక్క, తీస్తే బల్ల మీద నల్లటి ధూళి. ఈ ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాళ్లకు తుడుచుకోవడం సగం ఉద్యోగం.

సబ్‌టైటిల్స్ రాస్తానంటే మా చుట్టాల్లో చాలామంది "అవి కంప్యూటరే రాసుకుంటది గద" అంటారు. రాయదు నాయనా, అదే రాసుకుంటే నాకీ మెడనొప్పి ఎందుకు? వేరే భాష సినిమా వస్తుంది. దానితోపాటు టెంప్లేట్ అని ఒక ఫైలు వస్తుంది. అందులో పాత్రలు అనే ప్రతి మాటా ఇంగ్లీషులో ఉంటుంది, ఆ మాట తెర మీదికి ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో కూడా ఉంటుంది. అది ఉన్న కాసేపట్లో చూసేవాడు చదివేయగలిగేంత తెలుగే రాయాలి. దాన్ని రీడింగ్ స్పీడ్ అంటారు. తెర మీద మనిషి గుండెలు బాదుకుని ఏడ్చినా నాకు దొరికేది రెండు చిన్న వరుసలు. మంచి మాట ఒకటి తోచి, అది పొడుగైపోయి, నా చేతులతో నేనే కోసి పారేసిన రోజులు చాలా ఉన్నాయి. అక్కడ మిగిలిపోయిన మాటలన్నీ నేను ఇంట్లో వాడేస్తుంటానని మా ఆయన గొణుగుతుంటారు.

మా నాన్న బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో పని కోసం మంచిర్యాల వైపు నుంచి వచ్చారు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నాన్న తెచ్చిన పాత వారపత్రికల్లో నేర్చుకున్నాను. అందుకని నాలో రెండు తెలుగులున్నాయి. నోటితో మాట్లాడేది ఒకటి, వేళ్లతో కొట్టేది ఒకటి. మామూలుగా వాటికి తగాదా రాదు. ఈ సినిమా దగ్గర వచ్చింది.

సినిమా కథ చెప్పడం కష్టం, తీసినవాడికే తెలుసో లేదో. కొండల్లో ఒక చెక్క ఇల్లు. సెలవుల్లో పిల్లలు ఆ ఇంటికి వస్తారు. అందులో ఉండే ముసలావిడ అప్పటికే చనిపోయింది, ఆ సంగతి పిల్లలకు సగం దాకా తెలియదు. ఆ తర్వాత ఇల్లు పిచ్చెక్కినట్టు చేస్తుంది. గడియారంలోని అంకెలు చీమల్లా దిగి గోడ మీద వరసగా నడిచిపోతాయి. వసారాలో దున్నపోతంత తెల్ల చేప ఈదుతుంది. నేల మీది చాపలు ఊపిరి పీలుస్తాయి. రంగులు కళ్లలో పొడిచినట్టుంటాయి. నవ్వాలో భయపడాలో తేలదు.

పిల్లలు ఆ ముసలావిడను పిలిచే మాట దగ్గర వచ్చింది నా చిక్కు. జపాన్ భాషలో ఆ మాట తల్లి తల్లికీ చెల్లుతుంది, తండ్రి తల్లికీ చెల్లుతుంది. తెలుగులో అలా కుదరదు, నానమ్మో అమ్మమ్మో తేల్చాలి. హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చిన గ్లాసరీలో, అంటే ఏ మాటకు ఏ మాట వాడాలో ముందే కట్టేసిన పట్టికలో, "అవ్వ" అని ఉంది. నేను ఫోన్ చేశాను. అక్కడ మా పని చూసే మేడం ఆంధ్ర వైపు ఆవిడ.

"అవ్వ అంటే మా దిక్కు అమ్మండీ. నానమ్మ కాదు," అన్నాను.

"అయ్యో, అవ్వ అంటే ముసలావిడని అందరికీ తెలుసు కదండీ. పైగా రెండక్షరాలు. నానమ్మ అని పెడితే తండ్రి తరఫు అని మనమే తేల్చినట్టవుతుంది. సినిమాలో ఎక్కడా చెప్పలేదు."

ఆవిడ మాటలో న్యాయం ఉంది. అదే నాకు ఒళ్లు మండించింది. తప్పు మాట్లాడితే పోట్లాడొచ్చు, సబబుగా మాట్లాడేవాళ్లతో ఏం చేస్తాం? గ్లాసరీ దాటితే ఫైలు తిప్పి పంపుతారు. కనుక "అవ్వ" అనే రాశాను.

ఆ సినిమాను ప్రదర్శించబోయేవాళ్లు ఇంకో పని కూడా అప్పగించారు. అనువాదకులంతా తమ ఊళ్లో, విదేశీ సినిమాల అలవాటు లేని ఒక మనిషికి దాన్ని చూపించి, వాళ్లేమన్నారో ఒక పేజీ రాసి పంపాలి. దాన్ని వ్యూయర్ నోట్ అన్నారు. మా ఆయన పనికిరారు, ఏ సినిమా అయినా పేర్లు పడుతుండగానే గురక పెడతారు. ఎవరిని కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే కవిత తన గోడు చెప్పుకుంది.

కవిత, మల్లేశ్ మా వెనక వాటాలో అద్దెకుండేవాళ్లు. వాళ్లకు శ్రావణి అని మూడో తరగతి చదివే కూతురు. మల్లేశ్ సాస్తి దగ్గర ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేల మీంచే తవ్వుకుంటూ పోయే బొగ్గు గనిలో, డంపర్ నడుపుతాడు. ఆ బండి ఒక్కో చక్రం మనిషి కంటే ఎత్తు. గనికి దగ్గర్లోనే రాజురా వైపు సొంత ఇల్లు ఉంది. అది తాళం వేసి, రోజూ బైకు మీద వర్ధా వంతెన దాటి అంత దూరం పోయి వస్తున్నాడు. అడిగితే పిల్ల బడి కోసమని చెప్పేవాళ్లు. నేనూ నమ్మాను.

ఆ రోజు మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ కవిత అసలు సంగతి చెప్పింది.

"అక్కా, నీ మాట ఇంటడు. ఆ ఇల్లు అమ్మెయ్యమని చెప్పు. కొంటనన్నాయన ఈ వారంల ఏదో ఒకటి చెప్పుమంటుండు. ఈయనేమో అవుననడు, కాదనడు. తాళంచెవి జేబుల ఏసుకొని తిరుగుతుండు."

"సొంతిల్లు ఎందుకే అమ్ముడు?"

కాసేపు కాయలు తుంచింది. "అండ్ల మా అత్తమ్మ తిరుగుతది అక్కా," అంది.

వాళ్లత్తమ్మ పేరు లింగవ్వ. చివరి ఏడాది ఆమెకు మతి నిలవలేదు. పగలో రాత్రో తెలిసేది కాదు. ఎప్పుడంటే అప్పుడు లేచి వంటింట్లో స్టీలు కంచాలు, మా మాటలో తల్లెలు, పరిచి, "తిన్నవా బిడ్డా? రా, తిను" అని అందరినీ పిలిచేది. చలికాలంలో పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి ఆకులో పెడితే పిట్ట వచ్చి ముట్టాలి, ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా వైపు నమ్మకం. లింగవ్వకు పిట్ట ముట్టలేదు. ఎంతసేపు చూసినా ఒక్క కాకి దిగలేదు. చివరికి ఆవుకు పెట్టి వచ్చారు. దినాలు కాకముందే వంటింట్లో తల్లెల చప్పుడు మొదలైందట.

"నువ్వొక్కదానివే విన్నవా?"

"ముగ్గురం ఇన్నం. అందరికంటే ముందుగాల ఉరికింది ఈయననే. పిల్లను ఎత్తుకొని ఆకిట్లకు ఉరికిండు. మళ్ల ఆ ఇంట్ల అడుగు పెట్టలే."

దయ్యాలున్నాయా లేవా అన్న వాదన ఆ మెట్ల మీద పనికొచ్చేది కాదు. అమ్మమని చెబితే మల్లేశ్‌కు తల్లి వండిన వంటిల్లు పోతుంది. వద్దని చెబితే కవిత ఆ ఇంట్లో నిద్రపోలేదు. సరే మాట్లాడతానని మాత్రం అన్నాను.

మల్లేశ్ సెలవు రోజున మేడ మీది నీళ్ల ట్యాంకు కారుతుంటే చూడడానికి వచ్చాడు. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ నా గదిలోకి తొంగిచూశాడు. తెర మీద తెల్ల చేప ఆగి ఉంది.

"ఇదేంది అక్కా, చేప ఇంట్ల ఉన్నది?"

"జపాన్ సినిమా. దయ్యాల కొంప కథ. నీకొద్దు మల్లేశ్."

"ఎందుకొద్దు?"

నేను తడుముకోవడం చూసి అర్థం చేసుకున్నాడు. మొహం ఎర్రబడింది. "కవిత చెప్పిందా? అక్కా, అంత లోతు గనిల బండి దించేటోన్ని. సినిమా దయ్యం నన్నేం జేస్తది? పెట్టు, చూస్త."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక ఆపితే ఇంకా చిన్నబుచ్చినట్టవుతుందని మొదటి నుంచి పెట్టాను.

మల్లేశ్ కూడా మరాఠీ బడి పిల్లాడే. దుకాణం బోర్డు మీది తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, పరుగెత్తే సబ్‌టైటిల్‌ను పట్టుకోలేడు. మా చంద్రపూర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవలేదు, చదివేవాళ్లే కరువు. ఇంత మెడనొప్పి పడి ఎవరి కోసం రాస్తున్నానో అని నాకే ఒక్కోసారి విసుగొస్తుంది. చేసేదేముంది, పక్కన కూర్చుని నా వరుసలు నేనే పైకి చదివాను.

మొదట్లో పడీ పడీ నవ్వాడు. ఆకాశం పరదా మీద రంగేసినట్టుంటే "మా బడి గ్యాదరింగ్ నాటకం లెక్కనే ఉన్నది" అన్నాడు. అంకెలు చీమల్లా నడుస్తుంటే "అరె బాప్‌రే, టైం ఎటో పోతుంది, పట్టుర్రి" అని తొడ కొట్టుకున్నాడు. చేప వచ్చినప్పుడైతే, "పులుసు పెడితే ఊరంతటికి సరిపోతది" అన్నాడు. నేను మనసులో వ్యూయర్ నోట్ రాసేసుకుంటున్నాను: ప్రేక్షకుడికి ఇది హాస్య చిత్రం అనిపించింది.

ఆ తర్వాత పిల్లలకు ముసలావిడ చనిపోయిందని తెలుస్తుంది. పారిపోవడానికి తలుపు తీస్తారు. అవతల ఇంకో గది, ఆ గదిలో చాప, చాప మీద అందరికీ గిన్నెలు, గిన్నెల్లోంచి ఆవిర్లు. ఇంకో తలుపు తీస్తే ఇంకో గది, మళ్లీ గిన్నెలు. ముసలావిడ అటు తిరిగి కూర్చుని ఉంటుంది, మొహం ఎప్పుడూ కనిపించదు. పిల్లలు కేకలు పెడతారు. నేను చదువుతున్నాను: "అవ్వ వచ్చింది! తలుపు వెయ్!" "అవ్వ ముట్టుకున్నది తినకు!"

మల్లేశ్ నవ్వడం మానేశాడు.

"ఆ బువ్వల ఏమన్న కలిపిందా?" అన్నాడు.

"లేదు."

"మరెందుకు భయపడుతుర్రు?"

"ఆమె చచ్చిపోయింది గద."

"చచ్చిపోతేంది?" అని లేచి నిలబడ్డాడు. తెర మీద ఒక పిల్లవాడు గిన్నెను కాలితో తన్నాడు. మల్లేశ్ గొంతు గదంతా నిండింది. "కన్న అవ్వకు భయపడుతర్రా! అవ్వ పెట్టిన బువ్వను తంతర్రా! సిగ్గు లేదురా మీకు?"

అప్పుడు తట్టింది నాకు, అతను ఏ సినిమా చూస్తున్నాడో. నేను చదువుతున్నది నానమ్మ కథ. అతను వింటున్నది తల్లి కథ. వెంటనే ఆపి చెబుదామని మౌస్ మీద చెయ్యి పెట్టాను. ఈలోగా అతను మళ్లీ కూర్చుని, తెర వైపే చూస్తూ అన్నాడు.

"నేను గూడ గట్లనే ఉరికిన అక్కా. వాళ్లనేం అంట, నాకు మస్తు సిగ్గున్నదా?"

మౌస్ మీది చెయ్యి తీసేశాను. సినిమా నడుస్తూనే ఉంది. చివరికి పిల్లలు బస్సెక్కి పోతారు. ముసలావిడ ఇంటి కొసలు పట్టుకుని దుప్పటి మడిచినట్టు ఇల్లంతా మడిచేస్తుంది. గోడలు, మెట్లు, తలుపులు అన్నీ మడతలు పడి చిన్న మూటవుతాయి. ఖాళీ నేల మీద గిన్నెలతో ఆవిడ మిగులుతుంది. ఆవిడ నోట ఒకే ఒక్క మాట వస్తుంది. నేను రాసుకున్నది చదివాను: "అన్నం చల్లారిపోతోంది."

మల్లేశ్ మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే చూడడం నాకు చేతకాక మంచినీళ్లు తేవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఎట్లున్నది సినిమా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"సగం పిచ్చి సినిమా అక్కా. చేపేంది, చీమలేంది? తీసినోనికి తిక్క ఉన్నది. ఇల్లు దుప్పటి లెక్క మడుసుడు ఏడన్న ఉంటదా? నాకైతే నచ్చలే." నీళ్లు తాగాడు. "సగం మాత్రం మా ఇంట్ల కూసొని తీసినట్టున్నది."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పిట్టకు పెట్టిన పొద్దు గనిలో బ్లాస్టింగ్ అయిందట. మందు పెట్టి రాయి పేల్చిన చప్పుడుకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. "నాకెరుకే అక్కా. రోజూ చూసేటిదే. పిట్ట ఎందుకు రాలేదో అందరికంటె నాకే ఎక్కువ ఎరుక. అయినా భయపడ్డ. అవ్వకు ఏదో ఆకలి మిగిలిందనుకున్న. ఇప్పుడు సమజైతుంది. ఆమెకు ఆకలి గాదు. మేం తినాల్నని ఉన్నది. అడిగి అడిగి పోయింది, తిన్నవా బిడ్డా అని. ఒక్కనాడన్న సక్కగ కూసొని తినలే, డ్యూటీకి యాల్లయితుందని కసురుకుంట పోయిన."

లేచి గుమ్మం దాకా పోయి తిరిగాడు. "ఇల్లు అమ్మను. ఐతారం పోతం. ఆడనే వండుకొని తింటం."

ఆ సాయంత్రమంతా నాకు అన్నం సయించలేదు. మల్లేశ్ ఇల్లు నిలబెట్టుకుందామనుకున్నాడు. ఏ మాట పట్టుకుని? నేను వద్దు వద్దంటూనే రాసిన తప్పుడు మాట పట్టుకుని. అది తల్లి కాదని చెబితే అతను మళ్లీ కూలబడొచ్చు, వారం తిరిగేలోపు ఇల్లు అమ్మేయొచ్చు. మా ఆయన "నోరు మూసుకుని ఊరుకో, మంచే జరిగింది కదా" అన్నారు. ఊరుకోవడం నా వల్ల కాదు. నేను రాసిన మాట ఒక మనిషికి తప్పుగా అందిందని తెలిసి కూడా అతని మంచి కోసమని దాచితే, రేపు ఏ ఫైలు మీదా నాకు చెయ్యి ఆడదు. పైగా మల్లేశ్ చిన్నపిల్లాడా, కథ చెప్పి జోకొట్టడానికి?

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతూ బైకు సీటు తుడుస్తుంటే పట్టుకున్నాను.

"మల్లేశ్, ఒక మాట చెప్పాలె. నిన్నటి సినిమాల ముసలామె ఆ పిల్లల అవ్వ కాదు. బాపమ్మనో అమ్మమ్మనో."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. "నువ్వే గద అవ్వ అని చదివినవ్?"

"ఆంధ్ర దిక్కు ముసలామెను అవ్వ అంటరు. ఆఫీసోళ్లు గదే రాయమన్నరు. మనకు అవ్వ అంటే అమ్మ గద, నువ్వు గట్ల అనుకున్నవ్. నువ్వు అనుకున్న సినిమా అది కాదు తమ్మీ. చెప్పకపోతే నా మనసున పట్టదు."

అతను మళ్లీ సీటు తుడిచాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. చివరికి గుడ్డ మడిచి సీటు కింద పెట్టాడు.

"మా ఇంట్ల నేను అవ్వ అంట. కవిత అత్తమ్మ అంటది. పిల్ల మరాఠీ బడి గద, ఆజీ అంటది. మేం పిలుసుడే మూడు తీర్లు అక్కా. తిన్నవా బిడ్డా అని ఆమె అడుగుడు మాత్రం అందర్ని ఒక్కతీర్గనే."

హెల్మెట్ పెట్టుకుని, "ఐతారం నువ్వు గూడ రా. నువ్వుంటే కవితకు ధైర్యముంటది," అని వెళ్లిపోయాడు. నేను ఆ గేటు దగ్గరే నిలబడి, ఎవరూ చూడకుండా కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అందరం ఆటోలో బయల్దేరాం. బల్లార్‌పూర్ దాటి, వంతెన దాటి, వాళ్లింటికి చేరాం. రెండు గదులు, వంటిల్లు, ముందర రేకుల వసారా. మల్లేశ్ తాళం తీయడానికి చాలాసేపు పెనుగులాడాడు. లోపల నేలంతా నల్లటి ధూళి మందంగా పేరుకుని ఉంది. దాని మీద ఎలుక కాలి గుర్తు కూడా లేదు. కవిత గుమ్మంలో నిలబడి ఆ నేలను మూల మూలా చూసింది, ఆ తర్వాతే లోపల కాలు పెట్టింది.

ఊడ్చి, కడిగి, పొయ్యి వెలిగించేసరికి ఎండెక్కింది. కవిత అన్నం, పప్పు, పచ్చిపులుసు చేసింది. జొన్నరొట్టె నేను చేస్తానన్నాను గాని నా రొట్టె చూసి తనే లాక్కుంది. వాళ్లత్తమ్మ తల్లెలు అల్మారాలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. మల్లేశ్ ఒక్కోటీ దించి కడిగి, తనే చాప మీద పరిచాడు. వంటింట్లోనే కూర్చున్నాం.

ఆ రోజు గనిలో బ్లాస్టింగ్ లేదు. చుట్టూ చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నెమ్మది. కవిత అల్మారా వైపు చూస్తూ ముద్ద మింగుతోంది. మల్లేశ్ నములుతూ నములుతూ ఆగిపోతున్నాడు. శ్రావణి బడి కబుర్లేవో చెప్పబోతే "జర ఊకో బిడ్డా" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. నేను తినమని సైగ చేశాను. అతను మొత్తం తిన్నాడు, తల్లెలో మెతుకు లేకుండా తిన్నాడు. మారు పెట్టించుకుని అదీ తిన్నాడు.

ఏమీ జరగలేదు. తిండి అయ్యేసరికి కవిత మొహం తేటపడింది. "ఏం లేదు గద అక్కా, ఉత్తగనే ఇన్ని దినాలు అద్దె కట్టినం" అని నవ్వింది. మంచం ఎటు వేయాలో, పిల్ల పుస్తకాలు ఎక్కడ పెట్టాలో శ్రావణితో మాట్లాడుతూ ముందు గదిలోకి పోయింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మల్లేశ్ అల్మారా ముందు నిలబడి ఉన్నాడు.

"సప్పుడు రాలే అక్కా," అన్నాడు.

"మంచిదే గద."

"భయపడ్డనాడు వచ్చింది. ఇయ్యాల తినుకుంట ఇంటున్న. వస్తదేమో అని చెవి అటే పెట్టిన." అల్మారా పలకకు నుదురు ఆనించాడు. "రాలే. పోయింది అక్కా. మా అవ్వ పోయింది."

తల్లి చనిపోయి అప్పటికి ఎన్నో నెలలైంది. అతనికి మాత్రం ఆ మధ్యాహ్నమే పోయింది. ఏడుపు విని కవిత పరుగున వచ్చింది, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

దసరా లోపే వాళ్లు సామాను సర్దుకుని ఆ ఇంటికి వెళ్లిపోయారు. ఆఫీసు గ్లాసరీలో "అవ్వ" అలాగే ఉండిపోయింది, దాని మీద మేడంతో నా పోట్లాట ఇప్పటికీ తెగలేదు. ఆ తర్వాత కూడా చాలా సినిమాలకు రాశాను, దయ్యాలవి కూడా. తెర మీద ఎవరైనా చచ్చిపోయినవాళ్లను చూసి కేకలు పెట్టి పరుగెత్తితే ఒకప్పుడు నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు రావడం లేదు. భయపడినంత కాలం మల్లేశ్‌కు ఆ ఇంట్లో తల్లి ఉంది. ఆమె లేని ఇంట్లో ఉండడానికి భయం దాటడానికి పట్టినదానికంటే ఎక్కువ ధైర్యమే అతనికి కావలసి వచ్చింది.